పట్టాలు దాటని దారి

దారి అడగడమంటే నాకు మొదటి నుంచీ నామోషీ. కొత్త చోట బండి ఆపి, పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాణ్ణి ఇది ఎటు, అది ఎటు అని అడిగే కంటే ఇంకో అరగంట తిరగడానికే నేను సిద్ధం. సూరత్‌కు బదిలీ అయి వచ్చిన తొలి ఏళ్లలో స్కూటర్ మీద అలాగే తిరిగాను. నా హిందీ రెండు ముక్కలు బయటికి రాగానే అవతలివాడికి నేను ఎటువైపు వాణ్ణో తెలిసిపోయేది. అప్పుడు వాడు నెమ్మదిగా, చేతులు తిప్పుతూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పేవాడు. మర్యాదగానే చెప్పేవాడు, నాకే కడుపు మండేది. రైల్వే ఆఫీసులో కుర్చీలో కూర్చుని పదిమంది సెలవు చీటీల మీద సంతకాలు పెట్టే మనిషిని, రోడ్డు మీద ఎవరో చెయ్యి ఊపి పంపించేస్తుంటే చిన్నతనంగా ఉండేది.

అందుకే కారు కొన్నప్పుడు, అందులో దారి చూపించే పరికరం ఉందని తెలిసి, ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. స్టీరింగ్ పక్కన అరచేతికి రెండింతలుండే తెర. ఎక్కడికి పోవాలో చెప్తే చాలు, నీలం గీత గీసి, ఆడగొంతుతో హిందీలో ఒక్కో మలుపూ చెప్తూ తీసుకెళ్తుంది. ఫోనులోనూ అలాంటిది ఉంటుందని ఆఫీసులో వాళ్లు అన్నారు. ఫోనులోది అందరికీ ఉంటుంది, ఇది కారుతో పాటు వచ్చింది, అదీ నా గొప్ప. ఎవరి ముందూ నోరు విప్పకుండా ఊరంతా తిరగొచ్చు. అందులో ఇంత సుఖం ఉందని నాకు అంతకుముందు తెలియదు.

మేలు చేయలేదని అనను. ఒక వానాకాలం మధ్యాహ్నం మా ఆవిడకు ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతుంటే, నేనెప్పుడూ చూడని సందుల్లోంచి తిప్పి పన్నెండు నిమిషాల్లో ఆసుపత్రి గుమ్మం ముందు నిలబెట్టింది. ఆ రోజు దానికి మనసులో దండం పెట్టుకున్నాను.

విసిగించడంలోనూ తక్కువేమీ కాదు. సూరత్ నిండా వంతెనలే. మనం వంతెన మీద ఉన్నామో కింద ఉన్నామో దానికి తెలియదు. పైన పోతుంటే కుడివైపు తిరగమంటుంది, తిరిగితే గాల్లోకే. ఒకసారి లింబాయత్ వైపు ఒక సందులోకి తీసుకుపోయి, చీరల మూటలు దింపుతున్న టెంపో ముందు నిలబెట్టి, సూటిగా వెళ్లండి అంది. వెనక్కి రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా టెంపో అతన్ని తిట్టుకున్నాను గానీ దాన్ని ఒక్క మాట అనలేదు.

మా ఆవిడ దానికి ఆవిడగారు అని పేరు పెట్టింది. "నేను చెప్తే ఒక్కనాడూ వినరు. ఆవిడగారు చెప్తే గోతిలోకైనా దింపుతారు" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా ఇంట్లో వంట చేసే ఆమెది జగిత్యాల వైపు పల్లె. భర్త ఇక్కడ మగ్గాల కార్ఖానాలో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ఒక్కతే కూతురు. డిండోలిలో ఒక గదిలో ఉంటూ, పొద్దున రెండిళ్లలో వంట, మధ్యాహ్నం నుంచి చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. మా గోదావరి వైపు పులుసులు ఆమెకు నచ్చవు, ఆమె వేసే కారం మాకు పడదు. కొన్నేళ్లకు రెండూ కాని ఒక వంట మా ఇంట్లో తయారైంది. మాట తక్కువ మనిషి. నోరు విప్పిందంటే అది తన అన్న గురించే, అదీ నిష్ఠూరంగానే.

ఆ అన్న కూడా పద్నాలుగేళ్లు ఇక్కడి కార్ఖానాల్లోనే పనిచేసి, ఆ మోతకు చెవులు దెబ్బతిని, ఊరికి వెళ్లిపోయాడు. చెల్లెలి భర్త పోయినప్పుడు కబురందుకుని మూడోనాటికి వచ్చాడు. అప్పటికి అన్నీ అయిపోయాయి.

"ఒక్క తోడబుట్టినోడు సార్. గసొంటి యాల్ల పక్కన లేకపాయె" అంది ఆమె ఒకసారి, రొట్టె ఒత్తుతూ. "బండి దొరకలే అన్నడు. దునియకంత దొరుకుతది బండి, ఆయనకే దొరకది."

ఆ చావు తర్వాత నాలుగేళ్లు అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

కూతురి పెళ్లి కుదిరాక, ఆ పిల్లే మామకు ఫోన్ చేసి రమ్మని పిలిచింది. వాళ్ల ఇళ్లలో మేనమామ పెట్టిన చీర కట్టుకునే పిల్ల పీటల మీదికి రావాలి. మేనమామే గంపలో కూర్చోబెట్టి మోసుకురావాలి. పిలుపు అందగానే ఆయన ఊళ్లో మిగిలిన ఒక్క చేనేత మగ్గాన్ని అడిగి తీసుకుని, తన చేత్తో చీర నేయడం మొదలుపెట్టాడట. ఆ సంగతి చెప్పిన రోజు ఆమె మొహంలో కోపమూ ఉంది, మురిపెమూ ఉంది.

"సూరత్‌ల ఏడ జూసినా చీరలే గద సార్. మా అన్న ఆడికెల్లి ఇంకో చీర పట్కొస్తడట" అంది. "గీసారి టైముకు వస్తె పాతయన్ని ఇడిసిపెడ్త" అని కూడా అంది.

ఆ మాట నేను విన్నాను. ఆ పెళ్లికి ఆయన వేళకు రావడం అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

"మీ అన్నయ్యని స్టేషన్ నుంచి నేను తీసుకొస్తాను" అన్నాను.

"వద్దు సార్. అదే బండిల మావోళ్లు ఇంక నలుగురొస్తున్నరు. అందరు ఆటోల వస్తరు. మీకెందుకు తిప్పలు."

నేనే పట్టుబట్టాను. మేనమామ కారులో దిగితే మగపెళ్లివారి ముందు గౌరవంగా ఉంటుందని నచ్చజెప్పాను. నిజానికి ఆ గౌరవంలో సగం నాకు రావాలని ఉండింది. కారుకు అప్పుడే కొత్త సీటు కవర్లు వేయించాను. నలుగురూ చూస్తుండగా హాలు గుమ్మం ముందు ఆపి దిగాలని ఉండింది.

పెళ్లి పర్వత్ పాటియా దగ్గర ఒక చిన్న హాల్లో. ముహూర్తం పది నలభైకి. మా ఆవిడ పొద్దున్నే ఆటోలో హాలుకు వెళ్లిపోయింది. రైలు ఉధ్నా స్టేషన్‌కు తొమ్మిదికి రావాలి, తొమ్మిదికే వచ్చింది. అక్కణ్ణుంచి హాలుకు ఎంత నెమ్మదిగా పోయినా అరగంట. నలుగురు బంధువులూ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని వెళ్లిపోయారు. ఆయనొక్కడే చంకలో గుడ్డసంచి పెట్టుకుని నా కోసం నిలబడ్డాడు.

యాభై దాటిన మనిషి. మడతలు పోని కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు. కారెక్కే ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "ఫర్వాలేదు, వేసుకునే కూర్చోండి" అన్నాను గానీ గట్టిగా అనలేదు. కవర్లు వేయించి వారమే అయింది. ఆయన వెనక సీట్లో ఒక మూలకు ఒదిగి, చెప్పులు కాళ్ల దగ్గర, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ కవర్లు వేయించింది సచిన్ వెళ్లే దారిలో, ఉన్ అనే పేటలో. వెనకటి ఆదివారం ఆ దుకాణం పేరు ఎక్కించుకునే వెళ్లి వచ్చాను. పెళ్లి హాలు పేరు కూడా ముందురోజే ఎక్కించి పెట్టాను. స్టేషన్ ముందు వెనకనుంచి ఆటోలు హారన్ కొడుతుంటే, తెర మీద మొదట కనిపించిన పేరును నొక్కేశాను. హాలే పైన ఉంటుందని నా నమ్మకం. చదవలేదు. చదవాలంటే కళ్లజోడు పెట్టుకోవాలి, అది జేబులో ఉంది. పెళ్లికని కొత్త చొక్కా వేసుకున్నాను కదా, కళ్లజోడుతో ముసలివాడిలా ఉంటానని తీసి జేబులో పెట్టుకున్నాను.

ఎడమవైపు తిరగండి అంది ఆవిడగారు. తిరిగాను.

"సార్, కుడికి గద" అన్నాడు వెనక నుంచి. మగ్గాల మోతలో పనిచేసినవాళ్ల గొంతులు ఎప్పుడూ పెద్దవే. నాకు కసిరినట్టనిపించింది.

"దారి ఇది చూసుకుంటుంది లెండి. మీరు హాయిగా కూర్చోండి."

రెండు సిగ్నళ్లు దాటాక మళ్లీ అన్నాడు. "పట్టాలు దాటాలె గద సార్. పర్వత్ పాటియా పట్టాల అవుతల ఉంటది."

"ఇది ట్రాఫిక్ లేని దారిలో, చుట్టూ తిప్పి తీసుకెళ్తుంది. మీరున్నప్పటి రోడ్లు కావిప్పుడు" అన్నాను.

నేను రైల్వే మనిషిని. ఉధ్నాలో పట్టాలు ఎటు పోతాయో, వాటికి పర్వత్ పాటియా ఏ పక్కనుందో, కాగితం మీద గీయమంటే గీసి చూపిస్తాను. అయినా తెర మీద నీలం గీత కనిపిస్తుంటే ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టినా, వెనక సీట్లో చెప్పులు విప్పి కూర్చున్న మనిషి చెప్తే ఒప్పుకోవడమా అనిపించి ఉంటుంది. ఎనిమిదేళ్ల కిందట పాన్ డబ్బా దగ్గర వచ్చిన కోపమే అప్పుడూ వచ్చింది.

మూడోసారి ఆయన ముందుకు వంగాడు. "సార్, జర ఆపుండ్రి. గిది సచిన్ తొవ్వ. పద్నాల్గేండ్లు గీడ సైకిల్ దొక్కిన నేను."

"నువ్వు కాసేపు మాట్లాడకుండా కూర్చో" అన్నాను.

మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు దిగిపోయానో నాకే తెలియలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది. అద్దంలో చూస్తే సంచిని రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. చెవులు సరిగా వినపడవని స్పీకర్ పెట్టుకుంటాడు కాబట్టి నాకూ వినిపించింది. పెళ్లికూతురు.

"మామా, ఏడిదాక వచ్చిన్రు?"

ఆయన నా వైపు చూశాడు. "పది నిమిషాలని చెప్పు" అన్నాను.

"పది నిమిషాలు బిడ్డా" అన్నాడు.

"నీ చీర కోసమే ఆగిన మామా. అమ్మ వేరేది కట్టుకోమంటుంది. నేను కట్టుకోనన్న" అంది ఆ పిల్ల.

నేను ఆ పది నిమిషాల అబద్ధం ఆడకుండా ఉంటే వాళ్లు హాలు నుంచి ఒకరిని మోటార్ సైకిల్ మీద పంపించైనా ఉండేవాళ్లు.

తొమ్మిది యాభైకి ఆవిడగారు మీరు గమ్యం చేరుకున్నారు అంది. ఎదురుగా సీటు కవర్ల దుకాణం. దుకాణం అతను నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యెత్తాడు.

కళ్లజోడు తీసి పెట్టుకుని తెర వైపు చూశాను. వెళ్లొచ్చిన చోట్లను అది పైన చూపిస్తుంది, మొదటి పేరు దుకాణానిది. హాలు పేరు దాని కింద ఉంది. అది తప్పు చెప్పలేదు. ఎక్కడికి తీసుకెళ్లమన్నానో అక్కడికే, ఒక్క మలుపు కూడా తప్పకుండా తీసుకొచ్చింది.

అప్పుడైనా చెప్పాల్సింది. నాదే పొరపాటండీ అనడానికి ఎంతసేపు పడుతుంది. నేను మాత్రం తెరను అరచేత్తో ఒక్కటి చరిచి, "ఈ దరిద్రపు యంత్రం దారి తప్పించింది" అన్నాను. ఆయన తెర వైపు చూడలేదు. దుకాణం బోర్డు వైపు చూశాడు. తర్వాత తను కూర్చున్న సీటు వైపు చూశాడు. కవరు అంచున ఆ దుకాణం పేరున్న చిన్న గుడ్డముక్క కుట్టి ఉంది. ఆయనకు అర్థమైపోయింది. అర్థమైందని నాకూ తెలిసిపోయింది.

"వచ్చిన తొవ్వల్నే మలుపుండ్రి సార్. ఇంక టైమున్నది" అన్నాడు మెల్లగా.

ఆ మాట విన్నా సరిపోయేది. ఇంకా యాభై నిమిషాలుంది. కానీ ఆయన చెప్పిన దారిలో వెనక్కి పోవడమంటే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టే. హాలు పేరు నొక్కాను. ఇంకో దారి చూపించింది. వచ్చిన దారికంటే రెండు కిలోమీటర్లు తక్కువ. "చూశావా, ఇటు దగ్గర" అన్నాను. ఆయన తలూపాడు.

ఆ దగ్గర దారి నాలుగు మలుపుల తర్వాత సన్నబడింది. ఇంకా ముందుకు పోతే పైపుల కోసం రోడ్డును అడ్డంగా తవ్వేసి ఉంది. వెనక్కి తిప్పుదామంటే వెనక బట్టల తానులు నింపుకున్న టెంపో, దాని వెనక ఇంకోటి. ఆయన చెప్పులు వేసుకుని కిందికి దిగి, టెంపో డ్రైవర్లతో హిందీలో మాట్లాడి, ఒక్కొక్కణ్ణే వెనక్కి పంపించి, నా కారుకు చెయ్యి చూపిస్తూ బయటికి తీయించాడు. తిరిగి ఎక్కేటప్పుడు చెప్పులకు మట్టి ఉందని మళ్లీ విప్పి చేత్తో పట్టుకున్నాడు. కొత్త చొక్కా వీపున చెమటకు అంటుకుపోయింది.

అప్పటికి పదిన్నర దాటింది. మా ఆవిడ ఫోన్ చేసింది. "ముహూర్తం మించిపోతోంది. ఎక్కడున్నారండీ మీరు?"

"ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పది నిమిషాలు" అన్నాను.

ఫోన్ పెట్టేసి, స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ తర్వాత, "ఎటు వెళ్లమంటారు?" అని అడిగాను. మీరు అనే మాట దానంతటదే తిరిగొచ్చింది.

ఆయన చెప్పాడు. మిల్లు గోడ పట్టుకుని పొమ్మన్నాడు, నీళ్ల ట్యాంకు దగ్గర తిప్పమన్నాడు, వంతెన ఎక్కి పట్టాలు దాటమన్నాడు. సూరత్‌లో ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఒక మనిషి చెప్తుంటే బండి నడిపాను. వీలైతే వెనక్కి తిరగండి అని ఆవిడగారు అంటూనే ఉంది. గొంతు నొక్కేశాను. ఆయన ఒక్కసారి కూడా నేను ముందే చెప్పిన గద అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

హాలు ముందు ఆపేసరికి పదకొండుంబావు. నేను దిగుతుంటే చూడటానికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. లోపల జీలకర్ర బెల్లం అయిపోయింది, తలంబ్రాలు పోసుకుంటున్నారు. పెళ్లికూతురు ఒంటి మీద వేరే చీర, రిసెప్షన్ కోసమని మార్కెట్లో కొన్న జరీ చీర. గంపలో పెదనాన్న వరసాయన తీసుకొచ్చాడట. మేనమామ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ పిల్ల తలెత్తి ఆయన్ను చూసింది, చూసి తలొంచుకుంది.

తల్లి లేచి మా దగ్గరికి వచ్చింది. అరవలేదు.

"గదే బండిల దిగినోళ్లు తొమ్మిదిన్నరకు ఈడున్నరు. నువ్వేడున్నవ్ అన్నా?"

ఆయన చేతిలో సంచి వైపు చూసుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. దగ్గరున్న బంధువులు కూడా నా వైపే చూశారు. నేను నోరు తెరిచాను. నిజమే చెప్పబోయానని అనుకోవాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. కానీ అప్పుడు నా నాలుక చివర ఉన్న మాట జీపీఎస్ అనేదే. ఆ సంగతి నాకు తెలుసు.

నేను అనేలోపు ఆయన అన్నాడు. "సారు తప్పేం లేదు. ఉధ్నాల పాత దోస్తు ఇల్లు గనవడ్డది. నేనే ఆపుమన్న. ముచ్చట్ల వడి టైము జూస్కోలే."

ఆమె "నువ్వెప్పుడు గంతేలే" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. బంధువుల్లో ఒకరు నవ్వారు. నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు. చెల్లెలి భర్త పోయినప్పుడు మూడోనాటికి వచ్చినవాడు మేనకోడలి పెళ్లికి ముచ్చట్లలో పడ్డాడంటే అతికినట్టు సరిపోయింది.

నన్ను తీసుకెళ్లి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు. కూల్‌డ్రింక్ ఇచ్చారు. పెళ్లికొడుకు తండ్రి వచ్చి, శ్రమ తీసుకుని మేనమామను తెచ్చారని చేతులు పట్టుకున్నాడు. నేను ఆ కూల్‌డ్రింక్ తాగాను. మా ఆవిడ పక్కకు వచ్చి, "ఏమైందండీ?" అని అడిగింది.

"ఆయనే ఎక్కడో ఆగాడు" అన్నాను.

ఆయన అబద్ధాన్ని ఊరకే మోయనిస్తే చాలదన్నట్టు, దాన్ని నా నోటితో కూడా ఒకసారి అన్నాను. ఈ మొత్తంలో నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసేది ఈ మాటే. తప్పు పేరు నొక్కింది తొందరలో. ఇది మాత్రం తీరిగ్గా, కుర్చీలో కూర్చుని, సొంత భార్యతో అన్నాను.

చీరను ఆయన పిల్ల చేతికి ఇవ్వబోతే తల్లి మధ్యలో అందుకుని, విప్పి చూడకుండానే పెట్టె అడుగున పెట్టేసింది. పసుపు చీర, ఎర్రంచు అని సంచి మూతిలోంచి కనిపించినంత మేరకే నేనూ చూశాను. మధ్యాహ్నం బండికే ఆయన తిరిగి బయల్దేరాడు. స్టేషన్‌లో దింపుతానన్నాను.

"వద్దు సార్, ఆటోల పోత" అన్నాడు. గేటు దగ్గర ఆగి చేతులు జోడించాడు. "కార్ల తీస్కొచ్చిన్రు. మర్సిపోను సార్."

ఎత్తిపొడుపేమో అని మొహంలోకి చూశాను. ఏమీ లేదు.

తర్వాత రెండేళ్లు ఆమె మా ఇంట్లో వంట చేస్తూనే ఉంది. పప్పు పోపు వేస్తూనో, రొట్టె కాలుస్తూనో, "మా అన్నకు నేనంటె లెక్కలేదు సార్. పిల్ల పెండ్లికంటె దోస్తు ఎక్కువైండు" అనేది. ఆ రొట్టె నేను తినేవాణ్ణి. మా ఆవిడ కూడా ఆమెకు వంతపాడేది. చెప్పాలని అనుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది, పాత గాయం కెలకడం ఎందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. అది ఆమె గాయమని, కెలకడమో మానడమో తేల్చాల్సింది నేను కాదని తోచేది కాదు.

ఈ ఏడు ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తారు. ఒక ఉదయం నేను టిఫిన్ తింటుంటే ఆమె వంటింట్లోంచి మా ఆవిడతో అంటోంది.

"పిల్ల మామను పిలుస్త అంటున్నది మేడం. నేనే వద్దన్న. పెండ్లికే యాల్లకు రానోడు ఇంక దీనికేమొస్తడు. ఉన్నడనుకునే బదులు లేడనుకుంట."

లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఎంగిలి చేత్తోనే నిలబడి, చెప్పేశాను. ఎక్కడా ఆపకుండా, తల ఎత్తకుండా చెప్పాను.

ఆమె స్టవ్ ఆర్పేసింది.

"దోస్తు ఇంటికి పోలేదా?"

"లేదు."

"మరి ఏడికి వోయిన్రు సార్ గంతసేపు?"

"సీటు కవర్ల దుకాణానికి."

పైకి అన్నాక గానీ ఆ మాట ఎంత నీచంగా ఉందో నాకు వినపడలేదు. మా ఆవిడ చేతిలో గిన్నె గట్టు మీద పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను.

వంటామె స్టవ్ మీది గిన్నె పక్కకు దించింది. ఆ తర్వాత అంది. "గా చీర ఇంక పెట్టెల్నే ఉన్నది సార్. పిల్ల కట్టుకుంట అంటె నేనే కట్టనియ్యలే."

అక్కడే నిలబడి అన్నకు ఫోన్ చేసింది. ఆయనకు వినపడాలని గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి ఆమె మాటలన్నీ నాకు వినిపించాయి. అన్నీ అంటే ఒక్కటే. "ఎందుకు చెప్పలే అన్నా?" అని అడిగి, అవతల ఆయన చెప్తున్నంతసేపూ వింటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏమన్నాడని మా ఆవిడ అడిగితే చెప్పింది.

"సారు ఇంట్ల పనిజేస్తున్నవ్, ఆయిన్ని నలుగుర్ల చిన్నజేస్తె రేపు నీ పనికే ఎసరొస్తది అనుకున్న, అన్నడు మేడం."

మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక కూడా ఆవిడగారు అనే మాట మళ్లీ ఎత్తలేదు. పరికరాన్ని ఇప్పటికీ వాడుతున్నాను. నొక్కే ముందు కళ్లజోడు పెట్టుకుంటున్నాను. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆమె మర్నాడు పనికి రాదనే అనుకున్నాను. ఎప్పటి వేళకే వచ్చింది. ఎప్పటిలాగే వండింది. ఒక్క మాట తిడుతుందేమోనని నాలుగు రోజులు ఎదురుచూశాను. తిట్టలేదు. ఐదోరోజు కంచం నా ముందు పెడుతూ చెప్పింది.

"అన్న వస్తున్నడు సార్, పాపను ఉయ్యాల్ల ఏసే దినానికి. ఉధ్నాల దిగుతడు."

"నేను స్టేషన్‌కు..." అని నా నోటి నుంచి సగం మాట వచ్చేసింది.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ, కోపం లేకుండానే అంది.

"వద్దు సార్. మా అన్నకు తొవ్వ ఎర్కే."